చూసీ మూయని వాల్వు

నా యారాలిని, అంటే నా మరిది భార్యను, ఆ కంపెనీలో పనికి పెట్టించింది నేనే. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఇంట్లో, బస్టాపులో, పని దగ్గర నేను పదే పదే చెప్పుకున్న మాట ఇది. ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని. ఎవరో ఒకరు అవును, నువ్వే కదా అంటే ఆ పూటకు కొంచెం తెరిపిగా ఉండేది.

మాది చిట్కుల్. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. ఒక పొయ్యి నాది, ఒకటి ఆమెది. మా అత్త నెలకొక పొయ్యి దగ్గర తింటుంది. నా భర్త ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో నడుపుతాడు. మరిది మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాడు. నేను పాశమైలారం దగ్గర ఒక వేస్టు కంపెనీలో పని చేస్తాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో మిగిలిపోయిన రసాయనాలు, వాడేసిన యాసిడ్, బురద అన్నీ డ్రమ్ముల్లోనూ ట్యాంకర్లలోనూ అక్కడికి వస్తాయి. వాటిని వేరు చేసి, కొన్నిటిని కాల్చేచోటికి, కొన్నిటిని శుద్ధి చేసేచోటికి పంపుతారు. నాది డ్రమ్ముల షెడ్డు. మూత బిగిసి ఉందా, అడుగున చెమ్మ తగులుతోందా అని ఒక్కో డ్రమ్మునూ చూడాలి. కారితే రంపపు పొట్టు చల్లి, అది తడి పీల్చుకున్నాక పారతో ఎత్తి వేరే సంచిలో వేయాలి.

తొమ్మిదేళ్లలో నాకు కొన్ని విద్యలు పట్టుబడ్డాయి. డ్రమ్ము మీద వేళ్లతో తడితే ఎంతవరకు నిండి ఉందో చెప్పగలిగేదాన్ని. లారీ గేటు దగ్గర ఆగినప్పుడు గాలి మా వైపు వీస్తే అందులో ఏ తీరు సరుకు ఉందో వాసనను బట్టి తెలిసేది. వాసన చూడొద్దని సేఫ్టీ సారు కోప్పడేవాడు. ముక్కు ఉన్నాక తెలియకుండా ఎలా పోతుంది? కొత్తగా వచ్చినవాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కూడా, ఏదైనా అనుమానం వస్తే ముందు నా దగ్గరికే వచ్చేవారు. నేను పదో తరగతి తప్పినదాన్ని. నా బతుకులో నలుగురు నన్ను అడిగి పని చేసే చోటు అదొక్కటే.

యారాలు ఇంటర్ సైన్సు చదివింది. కూతుర్ని అంగన్‌వాడీలో వేశాక తానూ పనికి వస్తానంది. సూపర్‌వైజరుతో నేనే మాట్లాడాను. మొదటి నెల ఆమె నా వెనకాలే తిరిగింది. గ్లౌజులు ఎలా విప్పాలో, బయటి వైపు చేతికి తగలకుండా ఎలా తిరగేయాలో నేనే చూపించాను. గమ్‌బూట్ల మీదికి ప్యాంటు దింపుకోవాలి, లోపలికి దోపకూడదు అని చెప్పాను. అన్నిటికీ సరే అక్కా, సరే అక్కా అనేది. నాకు ముచ్చటగానే ఉండేది. అబద్ధం ఎందుకు, ఆ నెల నేను ఆమెను నిజంగానే ఇష్టపడ్డాను.

ఆ ఎండాకాలంలో సేఫ్టీ సారు మా అందరినీ కూర్చోబెట్టి ఒక టీమ్ తయారు చేస్తానన్నాడు. సంగారెడ్డి నుంచి బండి మీద వచ్చే మనిషి, గొంతు పెంచడం ఎరగడు. ఎక్కడైనా యాసిడ్ గానీ సాల్వెంట్ గానీ ఒలికితే అందరూ పరుగెత్తకూడదు, ఆరుగురే ముందుకు పోవాలి, మిగతావాళ్లు గాలికి ఎదురు దిక్కున చేరి నిలబడాలి అన్నాడు. ఆ ఆరుగురికి నారింజ రంగు జాకెట్లు, వాళ్లలో ముందు నిలబడే మనిషికి ఒక విజిల్. నేను చేతులు ఒడిలో పెట్టుకుని నా పేరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మొదటి పేరు నా యారాలిది. విజిల్ ఆమెకు. తర్వాతి అయిదు పేర్లలోనూ నేను లేను.

మీటింగు అయ్యాక సారు నన్ను చూసి ఆగాడు. నా ముఖం ఎలా ఉందో మరి.

"నీకు పని తెలుసమ్మా, కాదంటలేను," అన్నాడు. "డ్రమ్ముల చీటీల మీద ఇంగ్లీషు చదివి, ఫోన్ల ఫైరింజనోళ్లకు చెప్పేటోళ్లు గావాలె. గంతే."

గంతే అన్న ఆ మాట చాలా రోజులు నాతోనే ఉంది.

ఆమె ఆ పని బాగా చేసింది. చేయకపోయి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో. ఇసుక సంచులు ఎక్కడ ఉండాలి, సున్నం బస్తాలు తడవకుండా ఎంత ఎత్తున పెట్టాలి, ఒంటి మీద పడితే కడుక్కునే షవర్‌కు దారిలో ఏదీ అడ్డం ఉండకూడదు, ఇవన్నీ పుస్తకంలో రాసుకుని రోజూ తిరిగి చూసేది. ప్రతి సోమవారం పొద్దున పది నిమిషాలు మాకు పాఠం చెప్పేది. ఒక సోమవారం యాసిడ్ ట్యాంకుల దగ్గరికి తీసుకుపోయింది. ట్యాంకుల చుట్టూ మోకాలెత్తు కాంక్రీటు గోడ ఉంటుంది, దాన్ని డైక్ అంటారు. ట్యాంకు పగిలినా పైపు ఊడినా యాసిడ్ ఆ గోడ దాటి పోకూడదు. వాన పడితే మాత్రం అందులో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లను కాగితం ముంచి పరీక్షించి, యాసిడ్ లేదని తేలితే గోడ బయట ఉన్న వాల్వు తిప్పి వాన కాలువలోకి వదిలేస్తారు. నీళ్లు పోగానే మూసేయాలి. ఆ కాలువ కాంపౌండు గోడ కింది నుంచి బయటికి, ఊరి కుంటలోకి పోతుంది.

"పిడి పైపు ఎంబడి ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగ ఉంటే మూసినట్టు," అని చెప్పింది. "దూరంకెల్లి చూసినా ఎర్కయితది."

ఆ రోజే, డ్రమ్ము కారుతోందని ముందుగా ఎలా కనిపెట్టాలో చెబుతూ, ఇది మా అక్క నేర్పింది అని నా వైపు చెయ్యి చూపింది. అందరూ తిరిగి నన్ను చూసి నవ్వారు. మంచి నవ్వే. అది నాకు చెంపదెబ్బలా తగిలింది. నా పేరు చెప్పకుండా తనదే అన్నట్టు చెప్పుకుని ఉంటే ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకొక సాకు దొరికేది. అది కూడా దక్కనివ్వలేదు.

ఇంట్లో ఇంకా కష్టంగా ఉండేది. మరిది ఆమె జాకెట్ వేసుకున్న ఫోటోను స్టేటస్‌లో పెట్టాడు. మా అత్త ఆ ఫోన్ పట్టుకుని వాడకట్టంతా తిరిగింది. తొమ్మిదేళ్లు ఒక్కసారి కూడా నువ్వు అక్కడ ఏం పని చేస్తావని నన్ను అడగని మనిషి, విజిల్ ఎప్పుడు ఊదాలో ఇరుగుపొరుగుకు వివరించేది. నా భర్త, ఒకింటోళ్లమే కదా, మంచిదేనాయె అన్నాడు. ఆ పూట నేను అతనికి అన్నం పెట్టి అక్కడి నుంచి లేచిపోయాను.

చిన్న చిన్న పనులు మొదలుపెట్టాను. ఆమె తయారయ్యేదాకా ఆగకుండా ముందు బస్సుకు పోయేదాన్ని. వానలొస్తే షెడ్డులో ఏ మూలకు నీళ్లు చేరతాయక్కా అని అడిగితే, నాకేం తెలుసు, నీకే తెలవాలె అన్నాను. నాకు తెలుసు. తూర్పు మూలకు చేరతాయి. మొదటి వానకు ఆ మూలలో ఉన్న డ్రమ్ముల చీటీలన్నీ తడిసి, వాటిని మళ్లీ రాయడానికి ఆమె రోజంతా వంగి కూర్చుంది. నేను పక్క వరుసలో పని చేసుకుంటూ ఆమె నడుము పట్టుకుని లేవడం చూశాను. తృప్తిగా అనిపించింది. కాసేపే. సాయంత్రం బస్సులో ఆమె, అక్కా నువ్వు చెప్పులు మార్చుకో, పాదాలు నానిపోతున్నయి అంది.

శ్రావణంలో నాలుగు రోజులు ఎడతెగని వాన కురిసింది. అయిదో రోజు పొద్దున తెరిపిచ్చింది. నేను సున్నం షెడ్డు వెనకనుంచి పొట్టు బస్తా తెచ్చుకోవడానికి పోతున్నాను. డైక్ పక్కన వాల్వు కనిపించింది. పిడి పైపు వెంబడి ఉంది. డైక్‌లో నీళ్లు లేవు, కాంక్రీటు తడి మాత్రం మెరుస్తోంది. అంటే నీళ్లు వదిలేశాక మూయడం మర్చిపోయారు. పొద్దున రౌండు ఆమెదే. కాసేపటి ముందు రెండు లారీలు ఒకేసారి వచ్చాయని ఆమెను గేటు దగ్గరికి పిలవడం నేను విన్నాను. తెరిచి, నీళ్లు పోయేదాకా నిలబడి ఉండాల్సిన మనిషి ఆ హడావిడిలో పోయింది.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చెయ్యి చాపితే అందేంత దూరం. పావు వంతు తిప్పితే మూసుకుంటుంది. సారు పదకొండుకు రౌండుకు వస్తాడని నాకు తెలుసు. ఆయన కంట పడాలి అనుకున్నాను. అందరి ముందు అడగాలి, విజిల్ మెడలో వేసుకుని ఆమె తల దించుకోవాలి. ఏమవుతుంది, గంట సేపే కదా, డైక్ ఖాళీగా ఉంది కదా అనుకున్నాను. అది దాచిపెట్టిన ఆలోచనేమీ కాదు. మాటలతో, స్పష్టంగా అనుకున్నాను. బస్తా భుజాన వేసుకుని వెళ్లిపోయాను. ఆ మూలకు కెమెరా కూడా లేదు.

వాడేసిన యాసిడ్ ట్యాంకర్ ఒకటి పదిన్నరకు ముందే వచ్చింది. దాన్ని డైక్ పక్కన నిలిపి హోస్ పైపు తగిలించి పంపు వేశారు. నేను షెడ్డులో ఉన్నాను. మొదట పెద్ద చప్పుడు, తర్వాత హిందీలో డ్రైవర్ కేక, ఆ వెంటనే విజిల్. మూడుసార్లు. బయటికి వచ్చి చూస్తే, హోస్ బిగించిన క్లాంపు జారి, యాసిడ్ ధారగా డైక్‌లో పడుతోంది. డైక్‌లోనే కదా పడుతోంది, అందుకే అందరూ ఒక్క క్షణం కుదుటపడ్డారు. అక్కడ ఉన్నవాళ్లలో అది కాలువలోకి పోతోందని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

బస్తా వదిలి పరుగెత్తాను. గాలికి ఎదురు దిక్కున నిలబడమని ఎవరో అరిచారు. నేను సున్నం షెడ్డు చుట్టూ తిరిగి పోయి వాల్వు పిడి పట్టుకుని తిప్పాను. అది కదలదేమో అనిపించింది, కదిలింది. కాలువలో అప్పటికే పచ్చటి నురగ పాకుతూ పోతోంది. ఇసుక, ఇసుక అని అరిచాను. టీమ్‌లోని ఇద్దరు నా గొంతు విని సంచులతో వచ్చారు. కాంపౌండు గోడకు నాలుగు అడుగుల ఇవతల కాలువకు అడ్డంగా సంచులు పేర్చారు. నేను వెనక్కి జరిగి సున్నం అందించాను. ఒకేసారి పోయకుండా అంచుల నుంచి కొంచెం కొంచెం చల్లాలి, లేకుంటే పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. నురగ బుసబుసమంది. అది సంచుల దగ్గర ఆగింది. కుంటలోకి పోలేదు.

అప్పుడు తిరిగి చూస్తే యారాలు ట్యాంకర్ దగ్గర ఉంది. ముఖానికి అద్దపు తొడుగు, ఒంటికి ఏప్రాను వేసుకుని, వంగి ట్యాంకర్ వాల్వు మూస్తోంది. డ్రైవర్ భయపడి దూరంగా పోతే ఆ పని ఆమే చేసింది. ధార ఆగింది. ఆఖరి ఊపున హోస్ ఒకసారి ఎగిరి ఆమె కాలి మీద కొట్టింది. ఏప్రానుతో పాటు ప్యాంటు అంచు కూడా పైకి లేచి బూటులోకి యాసిడ్ దిగింది. ఆమె కేక వేయలేదు. కుంటుకుంటూ షవర్ దాకా తానే నడిచి, దాని కింద నిలబడి బూటు లాగేసింది. దారిలో ఏదీ అడ్డం లేదు. రోజూ దాన్ని ఖాళీగా ఉంచింది ఆమే.

ఆమెను కంపెనీ బండిలో పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎడమ పాదం మీద, చీలమండ దగ్గర చర్మం కాలింది.

మధ్యాహ్నం మేనేజరు, సేఫ్టీ సారు అందరినీ అడిగారు. వాల్వు మూసింది నేనని ఇద్దరు చెప్పారు. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసినంత పని చేసి, చాలా పెద్ద గండం తప్పించావమ్మా అన్నాడు. వాల్వు ఎవరు తెరిచి వదిలేశారో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆసుపత్రి నుంచి ఆమే ఫోన్ చేసి, నీళ్లు వదిలి మూయడం మర్చిపోయిన సార్, తప్పు నాదే అని చెప్పిందట. వారం తిరక్కుండా ఆమెను టీమ్ నుంచి తీసేశారు. ఆ జాకెట్ నాకు ఇచ్చారు.

దాని కోసం ఎన్ని రోజులు కడుపులో మంట పెట్టుకున్నానో, అది నా ఒంటి మీద ఉంది. ఇంట్లో మా అత్త, పెద్దకోడలు లేకుంటే కుంట మొత్తం పాడయ్యేది అని అందరికీ చెప్పింది. ఆ మాట కోసం కూడా ఎదురుచూశాను. వచ్చింది. కానీ ఏదీ తిన్నట్టు లేదు, తాగినట్టు లేదు. అసూయ పోతుందనుకున్నాను, అది ఇంకో చోటికి మారింది. తప్పు చేసి, అది నాదే అని అంత తేలికగా చెప్పగలిగిందని ఇప్పుడు ఆమెను చూసి కుళ్లుకున్నాను. మంచం మీద కాలు చాపుకుని కూతురికి పాఠం చదివిస్తూ ఉండేది. ఆ ముఖంలో నేను దాచుకున్నది ఏదీ లేదు.

కాలికి కట్టు మార్చడం నా వంతు అయింది. మా అత్తకు చూపు సరిగా ఆనదు. మరిది పొద్దున షిఫ్టు. మొదటి రోజు దూది తడిపి తుడుస్తుంటే యారాలు అడిగింది.

"అక్కా, వాల్వు తెరిచి ఉన్నదని నీకెట్ల ఎర్కయింది? ఆ మూల షెడ్డుకెల్లి కనబడది గదా."

"ఉరుక్కుంట వచ్చినప్పుడు చూసిన," అన్నాను.

షెడ్డు నుంచి పరుగెత్తి వచ్చే దారి అటు కాదని ఆమెకు తెలుసు. ప్రతి దారీ పుస్తకంలో రాసుకున్న మనిషి.

అలా పద్దెనిమిది రోజులు కట్టు మార్చాను. కొత్త చర్మం గులాబి రంగులో, పలచగా వస్తోంది. ఒక ఆదివారం పొద్దున దాని మీద మందు రాస్తున్నాను. చెప్పాలని ముందుగా అనుకోలేదు. నోటి నుంచి వచ్చేసింది.

"చెల్లె, నేను అంతకుముందే చూసిన. బస్తకు పోయినప్పుడు. చూసి, మూయకుండ పోయిన."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కాలు మెల్లగా నా ఒడిలో నుంచి తీసుకుని, మిగిలిన కట్టు తానే చుట్టుకుంది. ముడి వేయడం అయ్యాక మాట్లాడింది.

"నాకు చెప్పి ఏం లాభమక్కా. సారుకు చెప్పు. రేపు ఇంకోలు గట్లనే చూసుకుంట పోతరు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు ఆమె పొయ్యి దగ్గర అందరికీ టీ పెట్టి, నా గ్లాసు కూతురితో పంపింది. తాను తేలేదు.

సోమవారం సారు గదికి పోయి అంతా చెప్పాను. కుర్చీ చూపించాడు గానీ నేను కూర్చోలేదు.

"ఎందుకమ్మా?" అన్నాడు.

"దాన్ని పెట్టి నన్ను పెట్టలేదని సార్."

ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నగా ఉందో వినిపించింది. సారు తల ఊపాడు. కోపం చేయలేదు. జాకెట్ టేబుల్ మీద పెట్టమన్నాడు. ఆ తర్వాత, ఇదంతా వచ్చే సోమవారం పాఠంలో అందరికీ చెప్పగలవా అని అడిగాడు. బలవంతం లేదన్నాడు. నేను చెప్పాను. నలభై మంది ముందు నిలబడి, వాల్వు చూశాను, మూయలేదు, నా యారాలి మీద కుళ్లుతో మూయలేదు అన్నాను. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొన్ని వారాలు అన్నం తినేటప్పుడు నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నన్ను అడిగి పని చేసేవాళ్లు ఇంకొకరిని అడగడం మొదలుపెట్టారు.

అప్పటి నుంచి అక్కడ వాన నీళ్లు వదలాలంటే ఇద్దరు ఉండాలి. తెరిచే మనిషి ఒకరు, మూసి సంతకం పెట్టే మనిషి మరొకరు. వాల్వుకు తాళం వచ్చింది. ఏది తెరిచి ఉన్నా, అది ఎవరి పనైనా, చూసినవాళ్లు మూసి తర్వాత చెప్పాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. కాలు మానాక యారాలిని మళ్లీ టీమ్‌లోకి తీసుకున్నారు. నన్ను ఆ వానాకాలం అంతా బయటే ఉంచి, ఎండాకాలం ముందు ఒకరు పని మానేస్తే ఆరో మనిషిగా వేసుకున్నారు. అది ఆమె అడిగితే అని తర్వాత తెలిసింది. అందుకు నేను కృతజ్ఞతగా ఉండాలి. ఉన్నాను కూడా, కానీ మొదట కలిగింది మాత్రం అదే పాత మంట.

ఇంట్లో ఆమె నాతో సరిగా మాట్లాడటానికి ఏడు నెలలు పట్టింది. ఉప్పు ఉందా, బస్సు వచ్చిందా, అంతవరకే. ఒక రోజు మా అత్తకు జ్వరం వస్తే ఇద్దరం ఆసుపత్రి వరండాలో కూర్చోవాల్సి వచ్చింది. చేసేదేమీ లేక మాట్లాడుకున్నాం. అంతే, పెద్ద రాజీ ఏమీ కాదు.

ఈ ఏడు సంగారెడ్డిలో సేఫ్టీ కోర్సు చదవడానికి కంపెనీ ఆమెను పంపుతోంది. వారానికి మూడు రోజులు పొద్దునే బస్సు ఎక్కాలి. ఆ మూడు రోజులు కూతుర్ని తయారుచేసి బడికి పంపడం నా వంతు. ఆమె మొదటి రోజు పోయేటప్పుడు నేను పిల్ల తల దువ్వుతూ గడప దగ్గర కూర్చుని ఉన్నాను. కొత్త సంచి, కొత్త పెన్ను, ఇస్త్రీ చేసిన చీర. కళ్లు తిప్పుకోలేకపోయాను.

"నాకు కుళ్లుగనే ఉన్నది, చెల్లె," అన్నాను.

"ఎర్కనే అక్కా," అంది, చెప్పులు వేసుకుంటూ. "దానికి రెండు జడలెయ్యి, ఒకటేస్తే ఏడుస్తది. నాకు బస్సు టైమయితున్నది."